నీరు ఎక్కడుంది, డాక్టరుగారూ?

రాత్రి రెండింటికి ఐసీయూ తలుపు తీసుకుని బయటికి వస్తే విజయవాడలో ఏ ఆస్పత్రిలోనైనా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు కదండీ, తీసేశారా?" అడిగేది కైకలూరు చేపలచెరువు రైతు కావచ్చు, సింగ్‌నగర్‌లో ఆటో తోలే కుర్రాడు కావచ్చు. మామూలుగా వినిపించే ఆ ప్రశ్నలో కనీసం నాలుగు జబ్బులున్నాయి. ఊపిరితిత్తి చుట్టూ ఉండే రెండు పొరల మధ్య చేరినదాన్నీ మనవాళ్లు నీరే అంటారు. గుండె నీరసించో, కిడ్నీలు మొరాయించో ఊపిరితిత్తి లోపలే తడిస్తే అదీ నీరే. న్యుమోనియాకి మన పల్లెల్లో ఉన్న పేరే నెమ్ము, అంటే తడి. ఇక ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకి ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాలు కారడం మొదలైతే, అంటే ఏఆర్‌డీఎస్ వస్తే, దానికి వేరే తెలుగు మాట లేదు కాబట్టి అదీ ఈ నీళ్లలోనే కలిసిపోతుంది.

మొదటిదాన్ని సూదితో తీయొచ్చు. రెండోది లాసిక్స్‌తోనో డయాలసిస్‌తోనో దిగుతుంది. మూడోదానికి యాంటీబయాటిక్ కావాలి. నాలుగోదాన్ని ఎవరూ తీయలేరు. ఊపిరితిత్తికి దెబ్బ తగలకుండా వెంటిలేటర్ నడుపుకుంటూ, మూలకారణానికి మందిస్తూ ఓపిక పట్టాలి. ఒకదాని వైద్యం ఇంకొకదానికి చేస్తే మనిషి చచ్చేదాకా రావచ్చు. ఐసీయూలో ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ అనే పని మొత్తం ఈ చిక్కు విప్పడానికే. నీరుందని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏ నీరో, ఎక్కడుందో తేల్చినందుకే మనకి జీతమిచ్చేది.

ఈ వ్యాసం రాత్రి డ్యూటీ చేసే ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం, అనస్థీషియా, పల్మనాలజీ, మెడిసిన్ పీజీల కోసం, ఆ పక్కనే నిలబడి జెల్ అందించే సిస్టర్ల కోసం. రేడియాలజిస్టులకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాణ్ణే.

మనకి చదువుకునేటప్పుడు చెప్పిన మాట ఒకటుంది: గాలి ఉన్నచోట అల్ట్రాసౌండ్ పనిచేయదు, కాబట్టి ఊపిరితిత్తిని చూడలేం. సగం నిజం. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి నిజంగానే కనబడదు, దాని పై పొర మాత్రమే కనబడుతుంది. కానీ పొర దగ్గర గాలీ నీరూ కలిసే చోట తెరమీద కొన్ని గీతలు పడతాయి. అవి అబద్ధపు గీతలే, ఆ ఆకారం ఒంట్లో ఎక్కడా ఉండదు. అయితే ఆ అబద్ధాలు ఒక క్రమంలో వస్తాయని కనిపెట్టి, వాటిని చదివే పద్ధతి కూర్చినవాడు డేనియల్ లిక్టెన్‌స్టైన్ అనే ఫ్రెంచి ఐసీయూ డాక్టరు. ప్యారిస్ పక్కన బూలోన్‌లో ఆంబ్రోయిజ్ పారే ఆస్పత్రిలో పనిచేశాడు. పొర కదలిక గురించి 1995లో, నిలువు గీతల గురించి 1997లో రాశాడు. ఊపిరి ఆడని రోగిని ఎలా చూడాలో చెప్పే బ్లూ ప్రోటోకాల్ 2008లో వచ్చింది. పొర జారడాన్ని గురించి అంతకుముందే, 1986లో, రాంటానెన్ అనే పశువైద్యుడు గుర్రాల మీద చూసి రాశాడు. మనుషుల డాక్టర్లకి ఆ సంగతి అందడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

లిక్టెన్‌స్టైన్ బృందం 2004లో 32 మంది ఏఆర్‌డీఎస్ రోగుల్లో స్టెతస్కోపు, పడకదగ్గరి ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మూడింటినీ సీటీతో పోల్చి చూసింది. పొరల మధ్య నీటిని సరిగ్గా చెప్పడంలో స్టెతస్కోపు 61 శాతం, ఎక్స్‌రే 47 శాతం, అల్ట్రాసౌండ్ 93 శాతం. ఊపిరితిత్తి గట్టిపడిందా లేదా అన్నదాంట్లో స్టెతస్కోపుకి వచ్చింది 36 శాతమే. వెంటిలేటర్ హోరులో, పడుకునే ఉన్న రోగి వీపు కింద స్టెత్ దూర్చి విన్నవాళ్లెవరికీ ఈ లెక్క వింతగా అనిపించదు. పోర్టబుల్ ఎక్స్‌రే సంగతీ మనకి తెలిసిందే. టెక్నీషియన్‌ని లేపాలి, ప్లేటు వీపు కిందికి తోయాలి, గొట్టం ఊడిపోకుండా చూసుకోవాలి, ఫిల్మ్ వచ్చాక తెల్లగా కనిపించే మచ్చ ఆ నాలుగు నీళ్లలో ఏదైనా కావచ్చు.

ప్రోబ్ పట్టే ముందు

కొత్తగా నేర్చుకున్నవాళ్లు చేసే మొదటి తప్పు, మిషన్ తోసుకొచ్చి జెల్ పూసి "చూద్దాం ఏముందో" అనడం. ఏముందో చూద్దామనుకుంటే ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. అరవై దాటిన మనిషికి అడుగుభాగంలో రెండు మూడు బీ-లైన్లు, అంటే ఆ నిలువు గీతలు, కనిపిస్తే మీరు వాటికి వైద్యం మొదలుపెడతారు. అందుకే ప్రశ్న ముందు, జెల్ తర్వాత. "ఈమె సాచ్యురేషన్ అరగంటలో ఎందుకు పడిపోయింది?" అన్నది ప్రశ్న. "వెంటిలేటర్ ప్రెషర్ అలారం కొడుతోంది, గాలి పొరల మధ్యకి దూరిందా?" అన్నది ప్రశ్న. "నిన్న లీటరున్నర నీరు తీశాం, ఊపిరితిత్తి ఆరిందా?" అన్నదీ ప్రశ్నే. ఏ జవాబు వస్తే మీరు ఏం చేస్తారో కూడా ముందే మనసులో అనుకోండి. ఏ జవాబు వచ్చినా వైద్యం మారదనుకుంటే మిషన్‌ని దాని మూలనే ఉండనివ్వండి.

పద్ధతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది చదివి వచ్చేది కాదు. కడుపు చూసే వంపు ప్రోబ్ చాలా పనులకి సరిపోతుంది. పొరను దగ్గరగా పరీక్షించాలంటే లీనియర్ ప్రోబ్. గుర్తు తలవైపు ఉండాలి, ప్రోబ్ పక్కటెముకలకి అడ్డంగా, చర్మానికి నిటారుగా. మిషన్‌లో బొమ్మని నునుపు చేసే ఫిల్టర్లుంటే తీసేయండి. అవి గీతల్ని చెరిపేస్తాయి, మనకి కావలసింది ఆ గీతలే. తెరమీద ముందు రెండు పక్కటెముకల నీడలు, మధ్యలో కొంచెం దిగువన మెరిసే అడ్డగీత. రెక్కలు చాచిన గబ్బిలంలా ఉంటుంది. ఆ మెరిసే గీతే ప్లూరా. అది కనిపించకుండా ఇంకేం చూసినా దండగ.

గీత ఊపిరితో పాటు అటూ ఇటూ జారుతుంటే పొరలు రెండూ అంటుకుని ఉన్నట్టు. కింద సమదూరంలో ఘాట్ మెట్లలాగా అడ్డగీతలు పడితే అవి ఏ-లైన్లు, అక్కడ గాలి ఉంది. ప్లూరా దగ్గర పుట్టి, మసకబారకుండా తెర అడుగుదాకా దూసుకుపోయే నిలువు కాంతిరేఖలు బీ-లైన్లు. అవి ఏ-లైన్లను చెరిపేస్తాయి, పొరతోపాటు కదులుతాయి. పొగమంచులో హైవే మీద లారీ హెడ్‌లైట్లు ఎలా ఉంటాయో అలా. రెండు ఎముకల మధ్య మూడు, అంతకు మించి కనిపిస్తే అక్కడ తడి ఉన్నట్టు. ఒక్కోవైపు ముందు, పక్క, వెనక, ప్రతిదానిలో పైన కింద, మొత్తం 12 చోట్ల చూడాలి. చాలామంది ముందు నాలుగు చోట్ల చూసి ఆపేస్తారు. పడుకున్న మనిషిలో నీరు వీపువైపు దిగుతుంది కదా. సిస్టర్‌ని పిలిచి రోగిని కొంచెం పక్కకి వాల్చండి. రెండు నిమిషాల పని అది, బద్ధకించినచోటే రోగం దాక్కుని ఉంటుంది.

నేను చేసిన తప్పు

బీ-లైన్లు కనిపించాయంటే తడి ఉందని చెప్పగలం. ఆ తడి నీరో, చీమో, రక్తమో గీత చెప్పదు. ఈ మాట నాకు చదువులో రాలేదు. చాలా ఏళ్ల కిందట, వానలు తగ్గుతున్న రోజుల్లో, దివిసీమ నుంచి ఒక కూలీ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఎనిమిది రోజుల జ్వరం, ఆయాసం, సాచ్యురేషన్ 86. అప్పుడే కొత్తగా ప్రోబ్ పట్టడం నేర్చుకున్న ఉత్సాహం. పెట్టిన ప్రతిచోటా బీ-లైన్లే. "ఊపిరితిత్తులు నీళ్లలో ఈదుతున్నాయి" అని గొప్పగా ప్రకటించి లాసిక్స్ ఇచ్చాను, గంట తర్వాత ఇంకో డోసు. తెల్లవారేసరికి బీపీ దిగజారింది.

పొద్దున్నే వచ్చిన మా సీనియర్ ఏమీ అనలేదు. లీనియర్ ప్రోబ్ తీసుకుని అదే చోట పెట్టి, "గీత చూడు" అన్నారు. ప్లూరా ఎలుక కొరికిన అంచులా ఉంది. దాని కింద చిన్నచిన్న నల్లటి గుంటలు. ఒకచోట గీతలు కిక్కిరిసి ఉంటే రెండంగుళాల పక్కన ఊపిరితిత్తి హాయిగా ఉంది. ప్రోబ్ గుండె మీదికి జరిపితే గుండె గట్టిగా కొట్టుకుంటోంది. గుండె చేసిన నీరైతే ఇలా ఉండదు. పొర సన్నగా నునుపుగా ఉంటుంది, తడి రెండువైపులా ఒకే తీరున పరుచుకుంటుంది, తరచుగా అడుగున రెండువైపులా పొరల మధ్య కూడా కొంచెం నీరుంటుంది. అప్పుడు ఆయన కుర్రాడి చెయ్యి ఎత్తి చంకలో చూపించారు: సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు. స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టి, నేను లాగేసిన నీళ్లు తిరిగి ఎక్కించారు. అతను నడిచి ఇంటికెళ్లాడు. ఆ రోజు నుంచి ఏ జ్వరం రోగికైనా ప్రోబ్ పట్టేముందు చంకలు, గజ్జలు చూడటం అలవాటు చేసుకున్నాను. బుడమేరు పొంగి, మురుగునీళ్లలో నడిచిన జనానికి తర్వాత జ్వరాలొచ్చే రోజుల్లో లెప్టోస్పైరోసిస్ కూడా గుర్తుండాలి. అందులో ఊపిరితిత్తుల్లో రక్తం కారితే తెరమీద కనిపించేదీ ఆ బీ-లైన్లే.

దీనికి ఎదురుగా ఇంకో రకం రోగిని పెట్టి చూడండి. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో ఈ ప్రాంతంలో పనిచేసే ప్రతి డాక్టరుకీ తెలుసు. ఒక డయాలసిస్ తప్పిపోయి, పండక్కి ఇంట్లో ఉప్పూ నీళ్లూ కాస్త ఎక్కువై, ఆయాసంతో వచ్చిన ఆమెకి ప్రోబ్ పెడితే కనిపించేది నునుపు పొర, రెండువైపులా సమానంగా తడి. ఇక్కడ అనుమానం అక్కర్లేదు, యూరిన్ వచ్చే స్థితి లేకపోతే లాసిక్స్‌తో కాలయాపనా అక్కర్లేదు. డయాలసిస్ యూనిట్‌కి ఫోన్ చేయాలి. మిషన్ తిరుగుతుండగానే మళ్లీ మళ్లీ చూస్తే బీ-లైన్లు తగ్గడం కళ్లముందు కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్లకి దీన్ని మించిన పాఠం లేదు. మీ ఆస్పత్రిలో డయాలసిస్ యూనిట్ ఉంటే, టెక్నీషియన్‌ని మంచి చేసుకుని, రోగుల ఒప్పుకోలుతో, ఎక్కేముందు ఒకసారి దిగాక ఒకసారి చూడండి. నెల తిరిగేసరికి మీ కన్ను స్థిరపడుతుంది.

పురుగుమందు తాగిన కేసుల గురించి ఒక హెచ్చరిక. డెల్టాలో ఐసీయూ అంటే ఆ కేసులు తప్పవు. ఆర్గనోఫాస్ఫరస్ విషంలో ఊపిరితిత్తులు స్రావాలతో నిండిపోతాయి, బీ-లైన్లు వస్తాయి. వాంతి లోపలికి పోయినా వస్తాయి. అట్రోపిన్ ఎంత ఇవ్వాలో తెరమీది గీతలు చూసి నిర్ణయించకండి. అక్కడ స్టెతస్కోపుదే పైచేయి: ఛాతీ మొత్తం పొడిబారిందా, నాడి, బీపీ నిలబడ్డాయా. ఒకే చోట మిగిలిపోయిన చప్పుడు లోపలికి పోయిన వాంతిది కావచ్చు. దాన్ని ఆరబెట్టాలని అట్రోపిన్ పెంచుకుంటూ పోతే రోగికి పిచ్చెత్తిపోతుంది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

వెంటిలేటర్ మీదున్న రోగికి హఠాత్తుగా ప్రెషర్ పెరిగి సాచ్యురేషన్ పడితే న్యుమోథొరాక్స్ మొదట గుర్తొస్తుంది. పడుకున్న రోగికి తీసిన ఎక్స్‌రే సగం న్యుమోథొరాక్స్‌లను పట్టుకోలేదు. 2012లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క కడితే ఎక్స్‌రేకి 50 శాతం, అల్ట్రాసౌండ్‌కి 91 శాతం వచ్చింది. ఛాతీ ముందువైపు, గాలి పైకి తేలేచోట ప్రోబ్ పెట్టండి. పొర జారుతుంటే ఆ చోట న్యుమోథొరాక్స్ లేదు, అంతే. ఒక్క బీ-లైన్ కనిపించినా లేదు. ఎం-మోడ్‌లో పైన అలల గీతలు, కింద ఇసుక, అచ్చం మంగినపూడి బీచ్‌లా కనిపించాలి. ఇసుక పోయి మొత్తం సరళరేఖలే, దుకాణంలో సరుకు మీది బార్‌కోడ్‌లా ఉంటే పొర కదలడం లేదన్నమాట.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. పొర కదలకపోతే న్యుమోథొరాక్స్ అని నిర్ధారణ అయిపోదు. గొట్టం కుడి బ్రాంకస్‌లోకి జారితే ఎడమవైపు కదలదు. పాత టీబీతో పొరలు అతుక్కుపోయినా కదలదు, మన దగ్గర ఇది తక్కువేం కాదు. పొగ తాగితాగి, లేదా ఏళ్లతరబడి కట్టెలపొయ్యి ఊది ఊపిరితిత్తుల్లో బుడగలు పెరిగినవాళ్లలోనూ కదలిక సరిగ్గా కనిపించదు. పొర గుండెతోపాటు సన్నగా అదురుతోందా చూడండి. అది లంగ్ పల్స్. ఉంటే న్యుమోథొరాక్స్ కాదు, ముందు గొట్టం ఎంత లోతున ఉందో చూడండి. జారేచోటూ జారనిచోటూ కలిసే అంచు దొరికితే, దాన్ని లంగ్ పాయింట్ అంటారు, అప్పుడు నమ్మకంగా న్యుమోథొరాక్స్ అనండి. ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోతే ఆ అంచు ఎక్కడా దొరకదని కూడా గుర్తుంచుకోండి. రోగి బీపీ పడిపోయి ప్రాణం పోయేలా ఉంటే మాత్రం మిషన్ బూట్ అయ్యేదాకా ఆగొద్దు. ప్రోబ్ చేతిలో ఉంటే వాడండి, లేకపోతే సూది పట్టండి.

చుట్టూ చేరిన నీరు తేలిక. నల్లగా కనిపిస్తుంది, అందులో ఊపిరితిత్తి కొస తోకలా ఊగుతుంది. డయాఫ్రమ్, కాలేయం, ప్లీహం ఎక్కడున్నాయో చూడకుండా సూది గుచ్చకండి. తల 15 డిగ్రీలు ఎత్తి పడుకోబెట్టిన రోగికి, అడుగున ఊపిరి వదిలిన క్షణంలో రెండు పొరల మధ్య ఎడం ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి 20తో గుణిస్తే సుమారుగా ఎన్ని మిల్లీలీటర్లో వస్తుంది. 20 మిల్లీమీటర్లుంటే 400. నీటిలో దారాలు, గదులు కనిపిస్తే అది చీము వైపు వెళుతున్న నీరు, పెద్దవాళ్లకి చెప్పండి.

నెమ్ము పట్టిన భాగం కాలేయంలా గట్టిగా కనిపిస్తుంది. అందులో తెల్లటి చుక్కలు, చెట్టుకొమ్మల్లాంటి గీతలు ఊపిరితోపాటు కదులుతుంటే న్యుమోనియా వైపు మొగ్గండి. కదలకపోతే కఫం అడ్డుపడి ముడుచుకుపోయిన భాగం కావచ్చు, లేదా న్యుమోనియానే కావచ్చు. కదిలే చుక్కలకి విలువెక్కువ, కదలకపోవడానికి తక్కువ.

ఏఆర్‌డీఎస్ నిర్ధారణకి రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఏబీజీ మిషన్, వెంటిలేటర్, ఎక్స్‌రే అన్నీ ఉండాలని 2012 నాటి బెర్లిన్ నిర్వచనం చెప్పింది. రువాండాలో కిగాలీ ఆస్పత్రి డాక్టర్లు, అవేవీ లేని చోట మా రోగులకి ఈ జబ్బే రాదా అని అడిగి, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరుతో, అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టి చూపించారు. సాచ్యురేషన్‌ని ఇస్తున్న ఆక్సిజన్ వంతుతో భాగిస్తే 315, అంతకు తక్కువ రావాలి. 40 శాతం ఆక్సిజన్ మీద 92 ఉందనుకోండి, 92ని 0.4తో భాగిస్తే 230. సాచ్యురేషన్ 97 దాటితే ఈ లెక్క చెల్లదు. 2024లో వెలువడిన అంతర్జాతీయ నిర్వచనం దీన్ని ఒప్పుకుంది, శిక్షణ పొందినవారు చేసిన అల్ట్రాసౌండ్‌ని కూడా. అవనిగడ్డలోనో, గుడివాడలోనో పనిచేసే డాక్టరుకి ఇది చాలా పెద్ద మార్పు. బెజవాడకి రిఫర్ చేసేటప్పుడు "ఆయాసం" అని రాసి పంపే చీటీ స్థానంలో ఏ జబ్బో చెప్పే చీటీ పంపొచ్చు, అవతల వెంటిలేటర్ సిద్ధంగా ఉంటుంది.

ముందు చెప్పిన 12 చోట్లకీ ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది, మొత్తం 36. గాలి బాగా ఉంటే సున్నా, గట్టిపడిపోతే 3. వెంటిలేటర్ నుంచి విడిపించే ముందు సొంతంగా ఊపిరి తీయించి చూస్తాం కదా, దాని చివర 13 కంటే తక్కువ ఉంటే గొట్టం తీయడం నిలబడే అవకాశం బాగా ఉంటుందని, 17 దాటితే మళ్లీ వేయాల్సి రావచ్చని ఒక ఫ్రెంచి అధ్యయనం చెప్పింది. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి మీ బుద్ధికే వదిలేసింది. అంకెకంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ముఖ్యమని నా అభిప్రాయం.

బ్లూ ప్రోటోకాల్ 90.5 శాతం సరిగ్గా చెబుతుందని మీకు ఎవరైనా చెబితే, ఆ లెక్క 260 మందిదని, అసలు చూసింది 301 మందినని కూడా గుర్తుచేయండి. రోగం తేలనివాళ్లని, రెండు మూడు జబ్బులు కలిసినవాళ్లని, అరుదైన జబ్బులవాళ్లని పక్కనపెట్టి తీసిన లెక్క అది. మన ఐసీయూలో ఒకే జబ్బుతో వచ్చేవాళ్లు ఎంతమంది? ఊపిరితిత్తి మధ్యలో ఉండి పొరదాకా రాని గడ్డ ఈ మిషన్‌కి కనబడదు. చర్మం కింద గాలి పాకినా, కట్లున్నా, మనిషి బాగా లావైనా సరిగ్గా కనబడదు. అప్పుడు ఎక్స్‌రే, వీలైతే సీటీ. అందులో చిన్నతనం లేదు.

కాగితం, జెల్, చట్టం

చూసింది రాయండి. టైము, ఏ చోట్ల చూశారు, అప్పుడు వెంటిలేటర్ మీద పీప్ ఎంత, ఆక్సిజన్ ఎంత, ఏం కనిపించింది, దాంతో ఏం మార్చారు. "కుడి వెనక అడుగున డ్రెస్సింగ్ వల్ల కనబడలేదు" అని రాయడం, "నార్మల్" అని రాయడం ఒకటి కాదు. కోర్టు నోటీసు వచ్చినప్పుడు ఈ రెంటి మధ్య తేడా తెలుస్తుంది. మీరు చేసింది ఒక ప్రశ్నకి జవాబు వెతికే స్కాన్ మాత్రమే. దాన్ని రేడియాలజీ రిపోర్టులా రాయొద్దు, పూర్తి స్కాన్‌గా బిల్లులో వేయమని మేనేజ్‌మెంట్ అడిగితే ఒప్పుకోవద్దు. అనుమానం వస్తే క్లిప్ సేవ్ చేసి పొద్దున రేడియాలజిస్టుకి చూపించండి. అడిగినందుకు విసుక్కునేవాళ్లు తక్కువ, అడగకుండా చేసినందుకు కోప్పడేవాళ్లే ఎక్కువ.

జెల్ గురించి సిస్టర్లకి చెప్పాలి, నిజానికి సిస్టర్లే మనకి చెప్పాలి. ఐదు లీటర్ల డబ్బాలోంచి చిన్న సీసాలోకి నింపుకుంటూ, మూత తెరిచి, అదే సీసాని ఇరవై పడకలకీ తిప్పడం మన అలవాటు. 2021లో అమెరికాలో అల్ట్రాసౌండ్ జెల్‌లోంచి బర్ఖోల్డేరియా సెపేసియా బ్యాక్టీరియా చాలా ఆస్పత్రుల్లో రోగులకి సోకి, ఆ జెల్‌ని వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. ఐసీయూలో ఒక్కసారి వాడి పారేసే పాకెట్లు తెప్పించమని అడగండి, సూది గుచ్చే పని ఉంటే స్టెరైల్ జెల్ తప్పనిసరి. ప్రోబ్‌ని స్పిరిట్ దూదితో రుద్దడం వల్ల దాని ముఖం పాడవుతుంది. ఆ కంపెనీ మాన్యువల్ ఏ వైప్ ఒప్పుకుందో ఒక కాగితం మీద రాసి మిషన్‌కి అంటించండి. రోగికీ రోగికీ మధ్య ప్రోబ్‌తో పాటు వైరు కూడా తుడవాలి. మంచం మీద పొర్లేది ఆ వైరే.

బయట నిలబడ్డవాళ్లతో మాట్లాడేటప్పుడు "నీరు" అన్న మాటని విడదీసి చెప్పండి. "ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరండి, సూదితో తీస్తాం" అనో, "చుట్టూ ఏం లేదండి, లోపలే తడిసింది, అది సూదికి రాదు, డయాలసిస్‌తో దిగుతుంది" అనో. వీలైతే తెర చూపించండి. డయాలసిస్‌కి ముందు, తర్వాత తీసిన రెండు క్లిప్పులు పక్కపక్కన చూపించిన తర్వాత "ఇంకా నీరు ఎందుకు తీయలేదు" అని నాతో గొడవపడినవాళ్లు లేరు.

ఉద్యోగం సంగతి. ఐసీయూ ఇంటర్వ్యూల్లో "లంగ్ అల్ట్రాసౌండ్ వచ్చా" అని ఇప్పుడు మామూలుగా అడుగుతున్నారు. "వచ్చు సార్" అన్న జవాబుకి విలువ లేదు. రెండురోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్‌కి కొంచెం ఉంది. పెద్దవాళ్లు పక్కనుండగా చేసిన స్కాన్ల లాగ్‌బుక్‌కి చాలా ఉంది. 12 చోట్లా చూసి మార్కులు వేయడం కుదురుగా రావడానికి అలా సుమారు 25 స్కాన్లు చేయాలని 2018లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. తేదీ, ప్రశ్న, మీరు చెప్పింది, చివరికి తేలింది, ఈ నాలుగు గడులు చాలు. రోగి పేరు రాయొద్దు. మీరు తప్పు చెప్పినవి కూడా ఉంచండి. నేను ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు తప్పుల గడి ఖాళీగా ఉన్న లాగ్‌బుక్‌ని నమ్మను.

చివరికి చట్టం. ఇది తెలియక కుర్ర డాక్టర్లు ఇరుక్కుంటారు. లింగనిర్ధారణను నిషేధించిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మిషన్‌కీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మీరు ఛాతీ తప్ప ఇంకేం చూడకపోయినా సరే. జేబులో పట్టే ప్రోబ్‌కి, ఫోన్‌కి తగిలించుకునే ప్రోబ్‌కి మినహాయింపు ఉందనుకోవద్దు. రిజిస్టరైన ఆవరణ దాటించి మిషన్‌ని ఊళ్లో క్యాంపుకో, స్నేహితుడి నర్సింగ్‌హోమ్‌కో తీసుకెళ్లడం నేరం అవుతుంది. మొదటి తప్పుకే 3 ఏళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా ఉన్నాయి, పైగా మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కి ముప్పు. ఉద్యోగంలో చేరిన రోజే మూడు సంగతులు అడగండి: ఐసీయూ మిషన్ రిజిస్టరైందా, వాడేవాళ్ల జాబితాలో మీ పేరుకి చోటుందా, దానికి కావలసిన అర్హత మీకుందా. గర్భిణి రోగి ఐసీయూలో చేరితే ఛాతీ మీద ప్రోబ్ పెట్టేముందు గర్భిణుల స్కాన్‌కి ఈ చట్టం కోరే ఫారం ఎఫ్ విషయం రేడియాలజీ విభాగంతో తేల్చుకోండి. ఈ చట్టం భయంతో చాలా ఆస్పత్రుల్లో రాత్రిపూట మిషన్‌కి తాళం వేస్తారు. వేయడంలో తప్పులేదు. ఆ తాళంచెవి రాత్రి రెండింటికి ఎవరి దగ్గరుంటుందో, వాళ్ల ఫోన్ నంబరేమిటో, మిషన్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో మొదటి డ్యూటీకి ముందే కనుక్కుని సిస్టర్ల స్టేషన్ దగ్గర గోడమీద రాయించండి.